మానని పుండు - వైద్యుని భూతద్దము



మన గ్రంథాలయమునకు రజతోత్సవము జరుగుచున్న ఈ సమయమున మిమ్ము చదువుమని కోరునది పుస్తకము కాదు, మీ చర్మము. ముదిగుబ్బ ఎండలో, వేరుసెనగ చేలలో పాటుపడు మనకు పుండు పడుట క్రొత్త కాదు. పసరు పూసి మరచిపోవుదుము. పెక్కు పుండ్లు మానును. మానని పుండును గూర్చియే నా మనవి.

మనవారు రాచపుండని పిలుచు కేన్సరు చర్మమునకును వచ్చును. మన చాయ ఎండనుండి మనలను చాలవరకు కాపాడును గనుక, తెల్లజాతులవారికంటె మనకిది అరుదు. కాని మనకు రాదను నమ్మకముచేతనే ఆలస్యముగా గుర్తింతుము. ఎండయొక్కటే కారణము కాదు. పాత కాలినమచ్చలలో, ఏండ్లతరబడి మానని పుండ్లలో అది పుట్టవచ్చును. పంచె బిగించిన నడుముచోట పుట్టు కేన్సరును బొంబాయిలో డాక్టరు ఖానోల్కరు 1945లో వర్ణించిరి. లోపావడ బొందు ఒరపిడివలన అట్టి వ్యాధి కలిగిన ఇద్దరు స్త్రీల విషయమును మహారాష్ట్ర, బీహారు వైద్యులు 2024లో ప్రకటించిరి. ధర్మవరపు పట్టుచీరకు దోషము లేదు. దోషము బిగించిన బొందుది. ఆ పుండును సిగ్గుచేత దాచుకొనుట మరింత ప్రమాదము.

ఇట్టివానిని పరీక్షించుటకు డెర్మటోస్కోపు అను చిన్న పరికరము కలదు. అది దీపముతో కూడిన చేతి భూతద్దము. సుమారు 10 రెట్లు పెద్దదిగా చూపును. చెరువునీటిపై ఎండ మెరసినప్పుడు అడుగు కనబడదు కదా! చర్మముపై తళుకును అట్టిదే. జెల్ పూసి అద్దమానించినను, ప్రత్యేకపు వెలుగు వాడినను ఆ తళుకు తొలగి, పైపొర క్రిందిది కనబడును. బేసల్ సెల్ అను రకమున చెట్టుకొమ్మలవలె చీలిన రక్తనాళములు, మనవంటి చాయవారిలో తరచుగా నీలిబూడిద రంగు మచ్చలు కానవచ్చును. స్క్వామస్ సెల్ అను రకమున తెల్లని వలయములు, పొలుసులు అగపడవచ్చును. మొదటిది దూరపు అవయవములకు ప్రాకుట మిక్కిలి అరుదు. అయినను చుట్టునున్న కండను తినివేయును. రెండవది గజ్జలలోని, చంకలలోని గ్రంథులకు ప్రాకగలదు.

అయితే ఈ అద్దము త్రోవ చూపును గాని తీర్పు చెప్పదు. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించిన పిమ్మటనే నిశ్చయము. ముక్క తీసినచో వ్యాధి ప్రాకునని భయపడి మానుకొనరాదు. చిన్నదిగా నున్నప్పుడే కోసి తీసివేసినచో పెక్కుమందికి పూర్తిగా నయమగును.

కనుక నెల దాటినను మానని పుండును, పదేపదే రక్తము కారు మచ్చను, పాత మచ్చలో లేచిన గడ్డను, నొప్పి లేకున్నను, చర్మవైద్యునకు చూపుడు. అనంతపురము ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు బస్సులో పోయి రావచ్చును. చదువురాని పొరుగువారికి ఈ మాట చేర్చినప్పుడే మన గ్రంథాలయపు చందా సార్థకమగును.