పావు కడుపు



పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, మీలో చాలామంది ఇక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఓపీల్లో కూర్చుంటారు. అక్కడ మీకు తొలి వారంలోనే ఎదురయ్యే ప్రశ్న ఇప్పుడే చెప్పేస్తాను. "అన్నం మానేసినాను బాబూ, మూడు పూటలా చోడంబలే తాగతన్నాను. మరి సుగరు తగ్గనేదేటి?" అడిగేది ఒక పెద్దమ్మ. ఆమె మీద విసుక్కోకండి. పిండి ఎంత మెత్తగా ఆడించారు, ఎన్ని గ్లాసులు తాగుతున్నారు, బెల్లం ముక్క వేస్తున్నారా అని అడగండి. మెత్తటి పిండిని జావ కాచి చెంబుడు తాగితే గ్లూకోజు చకచకా రక్తంలోకి చేరుతుంది. చోళ్లు, అంటే రాగులు, మంచివే; కొలత దగ్గరే ఆమె పొరపడింది.

యోగశాస్త్రం పట్టుబట్టిందీ ఆ కొలత గురించే. పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు మితాహారం గురించి చెబుతూ కడుపులో నాలుగో వంతు ఖాళీగా వదలమన్నాడు. ఆ గ్రంథమే యోగికి పథ్యమన్నవాటిలో నెయ్యి, తేనె, చక్కెర ఉన్నాయి. కూడదన్నవాటిలో ఉలవలు, మజ్జిగ, చేపలు ఉన్నాయి. ఆ పట్టికను ఉన్నదున్నట్టు మన షుగరు రోగికి రాసిస్తే ఉలవచారు, నెత్తళ్ల పులుసు పోయి కలకండ మిగులుతుంది! అది సాధకుడి కోసం రాసిన పట్టిక. మన రోగికి అక్కరకొచ్చేది ఆ ఖాళీ పావు వంతు.

ఎందుకో మీరు చదువుకున్నారు. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే పడి ఉండదు. స్థూలకాయం ఉన్న ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే ఇన్‌ఫ్లమేషన్ కారకం ఎక్కువగా తయారవుతోందని, అది ఇన్సులిన్ పనికి అడ్డుపడుతోందని 1993లో హోటమిస్లిగిల్ బృందం చూపించింది. జ్వరం, నొప్పి లేకుండా ఏళ్ల తరబడి సాగే ఈ ఇన్‌ఫ్లమేషన్ రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. ఒంట్లో కొవ్వు కరిగితే ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే సీఆర్‌పీ కూడా దిగుతుంది. బ్రిటన్‌లో జరిగి 2017లో వెలువడిన డైరెక్ట్ అధ్యయనంలో, షుగరు బయటపడి ఆరేళ్లు దాటనివాళ్లకు ఆహారం బాగా తగ్గించి బరువు దించారు. ఏడాది తిరిగేసరికి వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు మధుమేహ స్థాయి కిందికి దిగింది. అందులో యోగం ఊసు లేదు, ఉన్నది మితమే.

కాబట్టి పథ్యం చెప్పేటప్పుడు వాళ్ల పళ్లెం వైపు చూసి చెప్పండి. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం కలుపుకోమనండి. రెండోసారి వడ్డించుకోవద్దనండి. రాత్రి భోజనం టీవీ సీరియళ్లన్నీ అయ్యేదాకా ఆపవద్దనండి.

యోగం పేరు చెప్పి మాత్రలు మాత్రం మాన్పించకండి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఏనుగును గుండెల మీద నిలబెట్టుకున్న మల్లయోధుడు, శాకాహారి, ప్రాణాయామంలో ఆరితేరినవాడు. చివరి రోజుల్లో కాలిపుండు ముదిరి ఆయన కాలే తీసేయాల్సి వచ్చిందని, మత్తు లేకుండా ప్రాణాయామంతో ఆ కోత భరించారని చెబుతారు. అంతటి ఊపిరి బలం కూడా పుండును మాన్పలేకపోయింది. పుండు ముదరకముందే దొరికేలా, ప్రతి షుగరు రోగి చేతా చెప్పులు విప్పించి, అరికాళ్లు చూడండి.

ఉద్దానం వైపు వెళ్లేవారికి ఇంకో మాట. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బుతో వచ్చేవారిలో చాలామందికి షుగరు ఉండదు. వాళ్లకు షుగరు పథ్యం అంటగట్టవద్దు. క్రియాటినిన్, పొటాషియం చూడకుండా ఎవరికీ మునగాకు, చోడంబలి రాయవద్దు.

మరొకటి, ఈ ఏడాదే మొదలుపెట్టండి. కార్తీకం రాకముందే, గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతున్న ప్రతి ఒక్కరినీ సోమవారాలు ఉపవాసం ఉంటారా అని అడగండి. ఉంటామంటే వద్దని గద్దించకుండా, ఆ రోజు మందు ఎంత తగ్గించాలో, కళ్లు తిరిగి చెమటలు పడితే ఏం చెయ్యాలో చీటీ మీద తెలుగులో రాసివ్వండి.