పాత బ్యాటరీల పాలనము



వస్తువును కొనునపుడు దాని వెల విచారింతుము. పాతబడిన పిదప దాని గతి యేమని విచారింపము. విద్యుత్తుతో నడచు బండ్లు, ఆటోలు నేఁడు పల్లెలకును వచ్చుచున్నవి. వానికి ప్రాణమైన బ్యాటరీ కొన్ని యేండ్లకు శక్తి యుడుగును. ఆ పిదపటి సంగతియే నేఁటి ప్రసంగము.

ఈ బ్యాటరీలు ముఖ్యముగా రెండు తెగలు. ఒకటి సీసముతోను గంధకామ్లముతోను చేసినది. దాని బరువులో సగమునకు పైగా సీసమే. రెండవది లిథియముతో చేసినది. మొదటిదానిని పెరటిలో పగులఁగొట్టి, ఆమ్లమును నేలఁ బాఱఁబోసి, సీసమును కరఁగించినచో ఆ పొగయు ధూళియు పసిపిల్లల మెదడును చెఱచును. రెండవదానిని గుచ్చినను నలిపినను మంట రేగవచ్చును.

భారతప్రభుత్వము 2001లో సీసపు బ్యాటరీలకు మాత్రమే నియమములు చేసెను. 2022 ఆగస్టులో క్రొత్త నియమములు వెలువరించి, విద్యుద్వాహనముల బ్యాటరీలతోఁ గూడ అన్ని విధములవానిని వాని క్రిందికిఁ దెచ్చెను. వాని సారమిది: బ్యాటరీని తయారుచేసినవాఁడును, దిగుమతి చేసినవాఁడును పాతవానిని సేకరింపించి, బాగుచేయించియో, లోహములను రాఁబట్టించియో తీరవలెను. పూడ్చుట, కాల్చుట నిషిద్ధము. విద్యుద్వాహనపు బ్యాటరీ పదార్థములలో 2024-25లో నూటికి 70 పాళ్లు, 2026-27 నుండి 90 పాళ్లు తిరిగి రాఁబట్టవలెనని కట్టడి. తప్పినవారు పరిహారము చెల్లింపవలెను. వాడుకొనువారికిని ధర్మము కలదు: పాతదానిని చెత్తలో కలుపక, సేకరణకు నియుక్తులైనవారికే యీయవలెను.

చిక్కిచ్చటనే యున్నది. పాతసామాను కొనువాఁడు గుమ్మమునకే వచ్చి నాలుగు రూపాయ లెక్కువ యిచ్చును. ఎట్లీయఁగలఁడు? పొగను వడగట్టుటకు గాని, ఆమ్లమును శుద్ధిచేయుటకు గాని వాఁడు దమ్మిడీ వెచ్చింపఁడు. ఆ ఖర్చును మన నేల, మన నూయి, మన బిడ్డలు భరింతురు. అట్టి సొమ్ము లాభము కాదు. బిడ్డల యారోగ్యమును కుదువఁబెట్టి తెచ్చుకొన్న యప్పు.

డొంకూరు మొదలుకొని మన తీరమున ఇసుకనేల మెండు. పోసినది త్వరగా లోనికింకును. ఉద్దానపు మూత్రపిండవ్యాధికి కారణ మింకను నిశ్చయముగాఁ దేలలేదు. ఆ నిందను బ్యాటరీలపై మోపుట న్యాయము కాదు. కాని త్రాగు నీటిని గూర్చి యింత దిగులనుభవించిన మనము దానికి క్రొత్త విషమును జేర్పరాదు.

గ్రామవృద్ధులారా, చట్టము ఢిల్లీలో పుట్టినను దాని యమలు మన గుమ్మముననే యారంభమగును. క్రొత్త బ్యాటరీ కొనునాఁడే పాతదానిని దుకాణదారుని కొప్పగించి రసీదు పుచ్చుకొనుఁడు. ఆతఁడు వలదన్నచో, కంపెనీవారి సేకరణస్థల మెచ్చటనో యడుగుఁడు. ఊరిలో బ్యాటరీలు పగులఁగొట్టరాదని పంచాయతీలో తీర్మానింపుఁడు. సీసము కరఁగించుట కనఁబడినచో కాలుష్యనియంత్రణ మండలికి వ్రాయుఁడు. నాలుగు రూపాయలు తక్కువ వచ్చినను తగినవారి చేతికే యిండు.

సెలవు.