నాగులేటి యొడ్డున రెండు సేనలు

(ఉద్దానమందలి యొక పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



పల్నాటి యుద్ధమును గూర్చి ప్రసంగింపుడని మీరు కోరితిరి. కారెంపూడి మనకు సుమారు ఆరువందల కిలోమీటర్ల దూరమున నున్నది. అచటి నాగులేరు కృష్ణలో కలియు చిన్నయేరు. మన మహేంద్రతనయవలెనే మహానదుల వరుసలో చేరనిది. అయినను 12వ శతాబ్ది చివర దాని యొడ్డున నొక యింటివారే యిరుపక్షములై నిలిచి యొకరినొకరు చంపుకొనిరి.

మేము చరిత్రపండితులము కాము, వకీళ్లము. కావున ముందుగా హక్కు సంగతి విచారింతము. హైహయవంశజుడగు అలుగురాజు వెలనాటి చోళుల యాడపడుచు మైలమదేవిని పెండ్లాడి పల్నాటిని అరణముగా పొందెను. మైలమ కుమారుడు నలగామరాజు. వీరవిద్యాదేవి కుమారులు మలిదేవాదులు. భూరమాదేవి కుమారులు నరసింగరాజు మున్నగువారు. ముగ్గురు తల్లుల బిడ్డలు, ఒక్క తండ్రి యాస్తి! ఇట్టి దావాలు మేమెన్ని చూచితిమో లెక్కలేదు.

రాజ్యము రెండయ్యెను. గురజాలలో నలగాముడు, అతనికి మంత్రాంగము నడపునది నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవుడు, అతనికి పెద్దదిక్కు బ్రహ్మనాయుడు. కోడిపందెమున నోడిన మాచర్లవారు పందెపు మాటకు కట్టుబడి ఏడేండ్లు వలసపోయిరి. గడువు తీరినది. తమ భాగము తమకిమ్మని అలరాజును రాయబారిగా పంపిరి. అతడు మలిదేవుని పక్షమునందలి కొమ్మరాజునకు కొడుకు, నలగామునకు స్వయముగా అల్లుడు. రెండిండ్లకును కావలసినవాడనియే యతనిని పంపిరి. అతనికి విషము పెట్టించిరనియు, నలగాముని కూతురు పేరిందేవి భర్తతో సహగమనము చేసెననియు కథ.

పందెము చెల్లదని వాదింపవచ్చును, గడువు లెక్కలో తప్పు పట్టవచ్చును. మాట మోసికొని వచ్చినవానినే చంపిన పిదప వాదించుటకేమున్నది?

ఇక సేనల సంగతి. నలగామునకు వెలనాటి చుట్టరికపు టండయు, సవతితమ్ముడు నరసింగరాజు తోడును గలవు. మలిదేవుని పక్షపు బలము వేరు తీరుది. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టెను. అన్ని కులములవారును ఒక్క చాపమీద కూర్చుండి భుజించిరి. మాలవాడైన కన్నమదాసును కొడుకుగా నెంచి సేనానిని చేసెను. అతని కుమారుడు బాలచంద్రుని వెంట నడచినవారిలో బ్రాహ్మణుడు అనపోతు మొదలుకొని చాకలి, మంగలి, కుమ్మరి కులముల యువకులుండిరి. ఎనిమిదివందల యేండ్ల క్రిందటి మాట యిది. ఈనాటికిని మన పెండ్లి పందిళ్లలో నెవరెచట కూర్చుందురో మీరే యెరుగుదురు.

నాగమ్మను దుష్టురాలనుట మాకు సమ్మతము గాదు. ఒక నాటికి రెండు గద్దెలున్న పొరుగువాడు మ్రింగునని యామె తలచియుండవచ్చును. మగవాడై పుట్టిన నదే పనికి రాజనీతియని పేరు పెట్టెడివారేమో! ఆమె కథను మనకందించిన శ్రీనాథుడు 15వ శతాబ్దివాడు. అక్కిరాజు ఉమాకాంతముగారు ఆ కావ్యమును 1911లో అచ్చువేయించిరి. అది కన్నవాని సాక్ష్యము గాదు, విన్నవాని సాక్ష్యము.

సంధిమాట లింకను నడచుచుండగనే బాలచంద్రుడు రణమునకు దిగెనని చెప్పుదురు. అతడు పడెను. నరసింగరాజు పడెను. నాగులేటి కిరుప్రక్కల వంశములకు వంశములు పడెను. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలము చొచ్చెనని కథ. వెలనాటివారి బలము సన్నగిల్లెను. 1185 ప్రాంతమున ద్రాక్షారామమున కాకతి రుద్రదేవుని శాసనము వెలసెను. పొరుగువాడు వచ్చెనన్నమాట.

ఇచట మా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. మీ ప్రక్క యూరి యన్నదమ్ములిరువురు కొబ్బరితోట గట్టుకై తగవుపడి, అన్న మావద్దకు వచ్చెను. ఇరువురకును మేనమామ యొకడు బ్రతికియుండెను, ఊరిలో మాట చెల్లువాడు. ఆయనను పిలిపింపుమని మేము చెప్పలేదు, నోటీసు వ్రాసితిమి. ఆ దావా తొమ్మిదేండ్లు నడచెను. తమ్ముని కూతురు పెండ్లికి అన్న పోలేదు. అన్నగారి కర్మకు తమ్ముడు వీథిలో నిలిచి వెడలిపోయెను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి, గట్టున కీవలిచెట్లను ఆవలిచెట్లను ఒక్క రాత్రిలో పడగొట్టెను. డిక్రీ ఆ మరుసటి యేడు మాకే వచ్చినది. ఆ కాగితము నందుకొనుటకు వచ్చిన అన్నగారి కొడుకు మమ్ము ఫీజు సంగతి దప్ప మరేమియు నడుగలేదు.

కారెంపూడిలో నేటికిని ఏటేట కార్తీక అమావాస్య మొదలు అయిదునాళ్లు వీరుల యుత్సవము జరుగును. వీరుల యాయుధములను ఏటిలో కడిగి పూజింతురు. తొలినాడు రాచగావు. మరునాడు రాయబారము. మూడవనాడు మందపోరు, ఆనాడే చాపకూడు, అన్ని కులములవారును కలిసి భుజింతురు. నాలుగవనాడు కోడిపోరు. కడపటినాడు కళ్లిపాడు, అనగా యుద్ధము.