గాభరా పుట్టినప్పుడు



మాది మల్కాపురం. భయం గురించి మాట్లాడమంటే మా ఊరివాళ్ళు ఎక్కడికో వెళ్ళి వెతుక్కోనక్కరలేదు. 1997 సెప్టెంబరు 14, ఆదివారం పొద్దున్నే హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో గ్యాసు అంటుకుని, దాదాపు 60 మంది పోయారు. ఆకాశమంతా నల్లటి పొగ. జనం కట్టుబట్టలతో, పిల్లల్ని చంకనేసుకుని ఊరు విడిచి నడిచారు. ఆ తరువాత 2020 మే 7 తెల్లవారుజామున, ఇక్కడికి అంత దూరం కాని ఆర్.ఆర్. వెంకటాపురంలో, నిద్రలో ఉన్న ఊరిమీద స్టైరీన్ గాలి కమ్మి 12 మంది చనిపోయారు. అటువంటప్పుడు భయపడి పరుగెత్తడం పిరికితనం కాదు. ఆ భయమే ఎందరినో కాపాడింది.

నేను చెప్పబోయేది వేరే భయం. నిప్పు లేదు, పొగ లేదు, అయినా ఒళ్ళు మాత్రం పారిపొమ్మంటుంది.

ఒక సాయంత్రం పూర్ణా మార్కెట్టులో కూరలు కొని బస్సెక్కాను. కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీలు అడ్డొచ్చి బస్సు ఆగిపోయింది. ఎవరి డబ్బాలోంచో కిరసనాయిలు వాసన. అంతే! గుండె దబదబా కొట్టుకుంది, చెమటలు పోశాయి, వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఇక ఇక్కడే ప్రాణం పోతుందనిపించింది. పక్కన చేపల గంపతో ఒక పెద్దావిడ కూర్చుంది. "ఏటమ్మా, ఏటైపోతంది? నా సెయ్యట్టుకో" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇల్లు చేరేసరికి అంతా సర్దుకుంది.

మర్నాడు గుండె పరీక్ష చేయించారు మావారు. "గుండెకేమీ లేదు, వెళ్ళిరండి" అన్నారు. నిజం చెప్పొద్దూ, సంతోషం కన్నా నాకు చిన్నతనమే వేసింది. ఏమీ లేకపోతే మరి నాకు జరిగిందేమిటి? అత్తగారు ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు. కాదనలేదు, ఆవిడ మనసు కుదుటపడింది. నేను మాత్రం బస్సు మానేశాను. తరువాత మార్కెట్టు మానేశాను. రెండు నెలలు తిరిగేసరికి వీధి చివరి కొట్టుకి కూడా మా అమ్మాయే వెళ్ళవలసి వచ్చింది.

చివరికి ఒక డాక్టరుగారు ఓపికగా విడమరచి చెప్పారు. గాభరాలో మనం గబగబా ఊపిరి తీస్తాం. దాంతో రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరి చూసి ఇంకా హడలిపోతాం. సాధారణంగా పది నిమిషాల్లో ఇది పతాకస్థాయికి చేరి, ఆపైన తనంతట తానే దిగిపోతుంది. "ఇది వచ్చింది, పోతుంది" అనుకుంటూ, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెట్టేంత సేపు మెల్లిగా వదలాలి. లేచి పారిపోకూడదు. పారిపోతే ఆ చోటంటేనే భయం పాతుకుపోతుందిట.

అలాగని ప్రతి గుండెదడా గాభరాయే అనుకోకండి. ఛాతీ నొప్పి వస్తే ముందు ఆసుపత్రికే వెళ్ళాలి. రక్తం తక్కువైనా, థైరాయిడు ఎక్కువైనా, ముట్లుడిగే వయసులోనూ దడ రావచ్చు. కాఫీ కూడా దీన్ని ఎగదోస్తుంది. నాలుగు కప్పులు తాగే నేను ఒకటికి దిగాను, అది మాత్రం కష్టంగానే ఉంది! మందు అవసరమైతే వాడాలి. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు చెబితే "పిచ్చాసుపత్రా?" అని మూతి ముడిచేవాళ్ళున్నారు. పంటి నొప్పికి లేని సిగ్గు దీనికెందుకో నాకు అర్థం కాదు. గడప దాటలేనివాళ్ళు 14416 కి ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అది. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడతారు.

నేను మళ్ళీ బస్సెక్కింది ఒక్క స్టాపు కోసం. మా అమ్మాయి తోడొచ్చింది. సింధియా దగ్గర దిగి నడిచి వచ్చేశాం. వారం పోయాక ఇంకొంచెం దూరం వెళ్ళాం. పూర్ణా మార్కెట్టుకి ఒంటరిగా వెళ్ళడానికి మూడు నెలలు పట్టింది. తిరిగి వస్తుంటే కాన్వెంట్ జంక్షన్ దగ్గర బస్సు ఆగనే ఆగింది. దడ మొదలైంది. ఒళ్ళో సంచీ విప్పి, ఊపిరి వదిలినప్పుడల్లా ఒక్కొక్క బెండకాయ పక్కకి పెడుతూ లెక్కపెట్టాను. ముప్ఫై నాలుగోది తీసేటప్పటికి బస్సు కదిలింది. అందులో రెండు ముదురుకాయలు, కొనేటప్పుడు చూసుకోనేలేదు.