ఎగురు కెమెరా: కొనుటకు ముందు, ఎగురవేయుటకు ముందు

(మన సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కార్యవర్గము ముందున్న ప్రతిపాదన మీరెరిగినదే. సంఘ నిధినుండి డ్రోను అను ఎగురు కెమెరా నొకదానిని కొని, యువజనుల కప్పగించి, మన బంగారు గనుల ప్రాంతమును పైనుండి చిత్రములు తీయించవలెనని కొందరు కోరినారు. గత రెండు సమావేశములలోను దీనిపై వాదము జరిగినది. "పిల్లకాయల ఆటవస్తువునకు సంఘపు సొమ్మా?" అని కొందరు పెద్దలు అడిగిరి. "ఇరుగుపొరుగుతో తగవు తెచ్చు వస్తువిది" అని మరికొందరనిరి. ఈ రెండవ మాట మా యింటిని దృష్టిలో నుంచుకొని అన్నదని మాకు తెలియును. కాబట్టి ముందు ఆ సంగతియే చెప్పుకొని, తరువాత ప్రతిపాదనకు వచ్చెదము.

నిరుటి వేసవి సెలవులలో మా అన్నగారి కుమారుడు డ్రోను కావలెనని పట్టుబట్టెను. నగరమందలి ఒక దుకాణమున 249 గ్రాముల తూకముగల విదేశపు డ్రోను 45,000 రూపాయలకు దొరకుచున్నదనెను. సొమ్మిచ్చినది మేమే. ఇరువది యేండ్లుగా వ్యాపారము చేయుచు, గుండుసూదుల పెట్టెనైనను బిల్లు లేనిదే దింపుకొనని మేము ఆ దినమున బిల్లు అడుగలేదు. "బిల్లయినచో ధర వేరు" అని దుకాణదారు అనెను. తక్కువ ధరను చూచి మేము నోరు మూసికొంటిమి.

మూడవ ఆదివారమున పిల్లవాడు మా డాబా మీదినుండి దానిని ఎగురవేసెను. గాలి త్రోసినది. కంగారుపడి, ఇంటికి తిరిగి రమ్మను బొత్తామును నొక్కెను. అట్టి వేళ ఈ యంత్రము తాను బయలుదేరిన చోటును ఉపగ్రహముల సహాయముతో గుర్తుపట్టి, ముందుగా నిర్ణయించిన ఎత్తున తిన్నగా వెనుకకు వచ్చును. దారిలో ఏమున్నదో చూచుకొను శక్తి చౌకరకము వానికి ఉండదు. ఆ ఎత్తు 20 మీటర్లుగా నుండెను. మా వీధి కొననున్న నీలగిరి చెట్టు అంతకంటె పొడవు. కొమ్మకు తగిలి, రెక్క విరిగి, పొరుగింటి డాబాపై వడాములు ఆరబెట్టిన తెల్లబట్ట నడుమ కూలెను.

దైవవశమున ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. వడాములు పోయినందుకు ఆ యింటి ముసలమ్మగారు నవ్వినారు. ఆమె కుమారుడు నవ్వలేదు. "దీనిలో ఏమేమి పడినవో చూపుడు" అని అడిగెను. అడుగుటకు ఆయనకు హక్కు గలదు. కార్డును తెరచి చూడగా, గని గోపురముల చిత్రముల నడుమ, వారి అమ్మాయి డాబాపై తల ఆరబెట్టుకొనుచున్న చిత్రములు రెండు గలవు. పిల్లవాడు కావలెనని తీసినవి కావు. కాని తీసినవాని మనస్సు చిత్రములో పడదు గదా! ఆయన యెదుటనే వానిని చెరిపివేసితిమి. మూడు తరములుగా పెండ్లి పిలుపులు, పండుగ పళ్లెములు ఇచ్చిపుచ్చుకొన్న తమిళ కుటుంబమది. తరువాత నెల దినములు ఆయన మా అంగడి మెట్లెక్కలేదు. 45,000 రూపాయలు పోయినవి. బాగుచేయువారు మొదట బిల్లు చూపుమనిరి. ఆ నష్టమును ఎప్పుడో మరచితిమి. ఈ రెండవ నష్టమును మరవలేదు.

ఇక కొనుగోలు విషయము. తయారైన డ్రోనులను విదేశములనుండి దిగుమతి చేసికొనుటను భారత ప్రభుత్వము 2022 ఫిబ్రవరి 9న నిషేధించినది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరములకు అనుమతితో మినహాయింపు గలదు. విడిభాగములకు ఆ నిషేధము లేదు. మనబోంట్లు వినోదమునకై తెప్పించుకొనుటకు దారి లేదన్నమాట. దుకాణమున బిల్లు లేకుండ నిగనిగలాడు కొత్త విదేశపు డ్రోను ఏ దారిని వచ్చినదో వర్తకులకు వేరుగ చెప్పనక్కరలేదు. సింగపూరునుండియో దుబాయినుండియో బంధువులచేత తెప్పించుకొందమను వారికిని మా మాట ఇదియే: కస్టమ్సువారు ఆపుదురు, చుట్టరికము చెడును.

స్వదేశపు సరకు లేకపోలేదు. చెన్నైలోని గరుడ ఏరోస్పేసు సంస్థ 2022లో 'ద్రోణి' అను కెమెరా డ్రోనును ప్రకటించినది. కాని మన దేశమున తయారగు వానిలో పెక్కు సేద్యమునకును, సర్వేకును, సైన్యమునకును ఉద్దేశించినవి. వినోదమునకు పనికివచ్చు రకములు తక్కువ. మూడు నాలుగు వేలకు దొరకు బొమ్మ డ్రోనులు మాత్రము కుప్పలుగా గలవు. వానికి ఉపగ్రహ సూచనయు ఉండదు, కెమెరాను కదలనీయక పట్టియుంచు గింబలును ఉండదు. మిద్దె దాటగానే గాలి వాటిని ఎత్తుకొనిపోవును. అయినను చేయి అలవాటగుటకు, నాలుగు గోడల నడుమ అట్టి బొమ్మతో నెల దినములు నేర్చుకొనుట మంచిదని మా అభిప్రాయము. సైకిలు నేర్వకయే మోటారు సైకిలెక్కిన మా పిల్లవాని గతి విన్నారు గదా.

తూకమును గూర్చి యొక మాట. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోను నిబంధనల ప్రకారము 250 గ్రాముల వరకు 'నానో', అటుపై 2 కిలోల వరకు 'మైక్రో' అనబడును. నానోకును, వ్యాపారమునకు గాక వాడు మైక్రోకును ఎగురవేయువారికి పైలటు ధ్రువపత్రము అక్కరలేదు. మైక్రోతో పెండ్లిండ్లకు కూలికి చిత్రములు తీయువారికి అది కావలెను. నానోకు తప్ప తక్కిన వానికి మూడవ పక్షపు బీమా ఉండవలెను. నిబంధనలు మీరినచో జరిమానా లక్ష రూపాయల వరకు ఉండవచ్చును. పాత సరకు కొనువారు దాని నమోదు సంఖ్యను అడిగి, తమ పేరునకు మార్పించుకొనవలెను. నిబంధనలు మారుచుండును గనుక, కొనునాడు పౌర విమానయాన శాఖవారి పత్రములను మరల చూచుకొనుడు.

ఉపకరణములలో మొదటిది అదనపు బ్యాటరీ. పెట్టెమీద అరగంట అని వ్రాసియుండినను, గాలిలో ఇరువది నిమిషములు నిలిచినచో సంతసింపవలెను. నూటికి ముప్పది వంతులు మిగిలియుండగనే దింపవలెను. బ్యాటరీని వేడిగా నుండగా చార్జి చేయరాదు. వాడని దినములలో సగము చార్జితో చల్లనిచోట ఉంచవలెను. ఎండలో నిలిపిన కారులో వదలరాదు. ఉబ్బినదానిని మరల ముట్టరాదు. రెక్కలు అంచు పగిలినంతనే మార్చవలెను, ధర స్వల్పమే. కెమెరాకు ముందు తగిలించు నల్లని వడపోత అద్దములు, తోలు సంచులు, అలంకారములు తరువాతి మాట. దుకాణమువారికి లాభము వీనిలోనే ఎక్కువ గనుక ముందుగా వీనినే చూపుదురు. ఈ రహస్యమును మేమే చెప్పుట మా వృత్తికి ద్రోహము కావచ్చును గాని, సంఘ నిధి ముఖ్యము.

మన ఊరిలో ఎగురవేయువారికి మరికొన్ని చిక్కులు గలవు. సైనైడు దిబ్బల మన్ను పిండివలె మెత్తనిది. దానిమీదనుండి నేరుగా లేపినచో రెక్కల గాలికి దుమారము లేచి, మోటార్లలోను గింబలులోను దూరును. గట్టి పట్టా పరచి లేపవలెను, దానిమీదనే దింపవలెను. ఆ దుమ్ము మన ఊపిరికిని మంచిది కాదని వేరే చెప్పవలెనా? షాఫ్టులపై నిలిచిన ఇనుప గోపురముల చెంత యంత్రములోని దిక్సూచి తప్పుదారి పట్టును; దూరమున నిలిచి లేపవలెను. తిరిగి వచ్చు ఎత్తును అక్కడి గోపురముకంటెను చెట్లకంటెను హెచ్చుగా పెట్టిన పిదపనే బొత్తాము నొక్కవలెను. ఆషాఢపు గాలిలో చిన్న డ్రోనును బయటికి తీయనే కూడదు. గ్రద్దలు దీనిని తమ పోటీదారుగా నెంచి తన్నుటయు కద్దు.

చట్టముచే నిషిద్ధము కాని ఆకుపచ్చ మండలమున 120 మీటర్ల ఎత్తువరకు ముందస్తు అనుమతి లేకుండ ఎగురవేయవచ్చును. ఏ స్థలము ఏ మండలమో ప్రభుత్వపు 'డిజిటల్ స్కై' పటమున కనబడును. ఎగురవేయు దినముననే చూడవలెను. మన తాతలు ఛాంపియన్ రీఫు గనిలో 3 కిలోమీటర్లకు పైబడిన లోతునకు దిగిరి. మనుమలకు 120 మీటర్ల ఎత్తు చాలదా? బెమెలు కర్మాగారము రక్షణ సామగ్రి తయారుచేయు చోటు గనుక ఆ దిక్కునకే పోరాదు. కోలారు పట్టణములోని కోలారమ్మ, సోమేశ్వరాలయములు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోనివి. వారి అనుమతి లేక అక్కడ ఎగురవేయరాదు. గనుల కంపెనీ భూమిలో నిలిచి ఎగురవేయుటకు వ్రాతమూలకముగా అనుమతి అడుగుదము.

ఇంత చిక్కు గల వస్తువు మనకెందుకని అడుగవచ్చును. మేమును ఆ వేసవి తరువాత అట్లే అనుకొంటిమి. మా మనస్సును మార్చినది ఆ దిబ్బలే.

1880లో జాన్ టెయిలరు కంపెనీవారు వచ్చిననాటినుండి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినదాక, బంగారము తీసిన పిదప మిగిలిన మన్ను అక్కడ పోగయినది. 13 దిబ్బలు, వేయి యెకరములకు పైగా, దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నులు. మన పెద్దలు పలమనేరునుండి, కుప్పమునుండి, పుంగనూరునుండి వచ్చి లోపలినుండి త్రవ్వి పైకి పంపిన రాయియే ఆ పిండి. దానిలో ఇంకను మిగిలిన బంగారమునకై ఆ 13 దిబ్బలను తిరిగి త్రవ్వు కేంద్రపు ప్రతిపాదనకు 2024 జూనులో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించినది. పని జరిగినచో మన పిల్లలకు ఉద్యోగములు రావచ్చును, దుమ్ము బాధయు తగ్గవచ్చును. మేము దానికి అడ్డు చెప్పువారము కాము. కాని ఆ దిబ్బలు ఒకసారి కదలినచో, వాని చుట్టునున్న లైన్ల ఇండ్లు, బాటలు, బావులు, గుడులు ఎట్లుండెనో చూపు చిత్రము మనవద్ద ఏది? మనయిండ్ల ఆల్బములలో నున్నవి పెండ్లి ఫొటోలు, గని గేటువద్ద వరుసగా నిలిచిన ఫొటోలు. ఊరంతయు ఒక్కచో కనబడు చిత్రము మాకు తెలిసినంతలో ఏ యింటను లేదు. 2018లోను 2022లోను వచ్చిన కె.జి.ఎఫ్. చలనచిత్రముల తరువాత ఎందరో పరవూరి యువకులు డ్రోనులు తెచ్చి దిబ్బలపై ఎగురవేసి పోయిరి. వారికి కావలసినది సినిమాలోని దిబ్బ. అక్కడ ఏ లైను ఎవరిదో వారికేమి తెలియును?

తీయుట యొకటి, దాచుట యొకటి. 1858లో నదార్ అను ఫ్రెంచి ఫొటోగ్రాఫరు బెలూనెక్కి పారిసు చెంత తొలిసారిగా ఆకాశమునుండి చిత్రములు తీసెను. అవి నేడు లేవు. మిగిలియున్నవానిలో ప్రాచీనమైనది 1860లో జేమ్స్ వాలెస్ బ్లాక్ అనునాతడు బోస్టను నగరముపై తీసినది. అంతటి మొదటి చిత్రములే పోయినప్పుడు, ఒక కుర్రవాని సెల్‌ఫోనులో నున్నవి ఎన్నాళ్లుండును? కాబట్టి ప్రతి చిత్రమును తేదీతో రెండు ప్రతులుగా సంఘమున నుంచవలెను. ముఖ్యమైనవానిని కాగితముమీద అచ్చు వేయించవలెను.

కార్యవర్గమునకు మేము సూచించునది ఇది. బిల్లు, గ్యారంటీ, నమోదు గల స్వదేశపు చిన్న డ్రోను ఒకటి, అదనపు బ్యాటరీలు రెండు. అట్టిది దొరకనిచో దొరకువరకు ఆగుదము. దొంగదారి సరకు సంఘము గడప తొక్కరాదు. ఎగురవేయుటకు ముగ్గురే, వారిలో ఒకరు ముప్పది దాటినవారై యుండవలెను. ఏ లైనుపైన ఎగురవేయదలచినను ముందునాటి సాయంత్రము ఇంటింటికి పోయి, తమిళులకు తమిళమున, కన్నడిగులకు కన్నడమున, వేళ చెప్పిరావలెను. వద్దన్న యింటిపై పోరాదు. తీసినదంతయు ఆ వీధివారికే మొదట చూపవలెను. ఎవరు చెరుపుమన్న చిత్రమును వారి యెదుటనే చెరుపవలెను. వీనిని ఒక పుస్తకమున వ్రాసి, ఎగురవేసిన ప్రతి దినమున సంతకములు చేయింతము. నిధిపై భారము సగము తగ్గించుటకు, మా పిల్లవాడు పోగొట్టిన దానికి ప్రాయశ్చిత్తముగా, ఖర్చులో సగము మేము భరింతుము.

మా పొరుగింటాయనను కూడ ఈ పనికి పిలిచితిమి. ఆయన తండ్రిగారు మారికుప్పము గనిలో పనిచేసినవారు. ఏ దిబ్బ ఏ గనిదో, ఏ లైనున ఎవరుండిరో ఆయనకు కంఠస్థము. వచ్చెదనని ఆయన అనలేదు, రాననియు అనలేదు. మొదటి చిత్రములు ఏ వేళకు తీయుదురని మాత్రము అడిగెను. ఉదయము 6:30కు, ఎండ ఏటవాలుగా నుండి గాలి లేవకముందే అని చెప్పితిమి.