మెడలో గడ్డ - ముక్కపరీక్ష

కైరుప్పలలో ఉగాది మరునాడు జరుగు పిడకల సమరమును గూర్చి విననివారు కర్నూలు జిల్లాలో అరుదు. దెబ్బ తగిలినవారు స్వామి విభూతి రాసుకొని నవ్వుచు ఇంటికి పోవుదురు. అట్టి ధైర్యవంతులే, మెడమీది గడ్డనుండి ముక్క తీయవలెనని మేమన్నచో వెనుకాడుదురు. కత్తి తగిలిన గడ్డ ఒళ్లంతయు పాకునను భయము ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములందే కాదు, అంతటను కలదు. ఈ భయమువలన వ్యర్థమగు నెలలను గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

నొప్పిలేని గడ్డ, సాయంకాలపు జ్వరము, ఒళ్లు తగ్గుట - వీనిని చూచి పెద్దలు గండమాల అందురు. మన దేశమున ఇట్టి గడ్డలకు క్షయ తరచు కారణమగుటచే ఆ ఊహ తప్పు కాదు. కాని లింఫోమా అను కాన్సరు కూడ ఇదే వేషమున వచ్చును. పొగాకు అలవాటున్నవారిలో నోటి కాన్సరు మెడకు దిగి గడ్డగా కనబడవచ్చును. చేతితో తడిమి ఈ మూటిని విడదీయుట ఎంతటి అనుభవజ్ఞునికైనను కష్టము.

అందుకే ముక్కపరీక్ష. ఫ్రెంచి చర్మవైద్యుడు ఎర్నెస్ట్ బెస్నియే 1879లో దీనికి బయాప్సీ అని పేరు పెట్టెను. మన పల్లెల మాటయే తేటగా నున్నది. మొదట సన్నని సూదితో కణములు లాగి చూతురు. తేలనిచో గడ్డనే తీయుదురు. దానిని ఫార్మలినులో నిలువచేసి, మైనములో పొదిగి, మిల్లీమీటరులో రెండువందలవ వంతు మందమున కోసి, రంగు పట్టించి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షింతురు. క్షయ అయినచో జున్నువలె నలిగిన భాగము, దాని చుట్టును పెక్కు కేంద్రకములుగల పెద్ద కణములు కానవచ్చును. హాడ్జ్‌కిన్ లింఫోమాలో గుడ్లగూబ కన్నులను బోలిన జంట కేంద్రకముల కణములుండును.

ముక్కనంతయు ఫార్మలిను సీసాలో వేయుట మాత్రము పొరపాటు. ఆ మందు క్షయక్రిములను చంపును. ఇక వానిని పెంచి ఏ మందుకు లొంగునో తెలిసికొనుట కుదరదు. కొంత భాగమును సెలైనులో వేరుగా పంపవలెను.

సరియైన పద్ధతిలో ముక్క తీయుటవలన వ్యాధి పాకుట మిక్కిలి అరుదు. ఎచ్చట గుచ్చరాదో కూడ శస్త్రవైద్యు లెరుగుదురు. పరీక్ష లేకయే ఆరు నెలలు క్షయమందులు మ్రింగినచో, సకాలమున చికిత్స చేసిన తరచు నయమగు హాడ్జ్‌కిన్ వ్యాధి ఆ ఆరు నెలలును ముదురుచుండును. వాపు తగ్గుటకని ముందే స్టెరాయిడు మాత్రలు వాడుట మరింత చేటు: లింఫోమా గుర్తులు చెదరి, పిమ్మట తీసిన ముక్కయు తికమకపెట్టును.

పలువురు కుట్లు విప్పించుకొని పోయి, ఫలితమునకై మరల రారు. కర్నూలుకు ఇంకొకమారు బస్సు ఎక్కవలసి వచ్చినను ఆ కాగితము తెచ్చుకొని, వైద్యునికి చూపిన తరువాతనే మందు మొదలుపెట్టవలెను.