జీతం పెంచమని అడిగే ముందు

ఉద్యోగం మానేసిన మనిషి పని మీ నెత్తిన పడింది, జీతం మాత్రం పాతదే. ఇలాంటప్పుడు ఇంటి అద్దె, పిల్లల ఫీజుల మాట ఎత్తితే యజమాని జాలిపడతాడేమో గానీ జీతం పెంచడు. చేసిన పని లెక్క చూపించండి. "సార్, జూన్ నుంచి ఇద్దరి పని చూస్తున్నాను. జీఎస్టీ రిటర్నులు ఒక్కటీ ఆలస్యం కాలేదు. జీతం 20 శాతం పెంచండి" అని సూటిగా అడగండి. అంకె చెప్పాక కాసేపు ఊరుకోండి. మీ అంతట మీరే తగ్గించుకోకండి.

చాలా కంపెనీల్లో ఏప్రిల్ పెంపుదల లెక్కలు ముందే తేలిపోతాయి, కాబట్టి జనవరిలోనే ఈ మాట కదపండి. సీటీసీ, అంటే మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, పెంచామనగానే సంబరపడొద్దు. యజమాని కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కూడా అందులో కలిపేస్తుంటారు. చేతికొచ్చేదెంతో అడగండి.

ఓవర్‌టైమ్ సంగతి వేరు. కనీస వేతనం వర్తించే ఉద్యోగికి అదనపు గంటలకు మామూలు రేటుకు రెట్టింపుకు తగ్గకుండా ఇవ్వాలని 2019 నాటి వేతనాల కోడ్ చెబుతోంది.

జీతం పెంచడం ఇప్పుడు కుదరదంటే, మళ్లీ మాట్లాడే తేదీ తీసుకుని ఆ సాయంత్రమే మెయిల్ పెట్టండి. అదీ కాదంటే పనైనా తగ్గించమనండి. "ఈ రెండు పనుల్లో ఏది ఆపమంటారు సార్?" అని అడగడంలో తప్పేమీ లేదు.